ఇల్లు ఇప్పుడే పిల్లల పేర రాసివ్వాలా, వీలునామా రాస్తే సరిపోతుందా?

మాస్టారు గారూ, మీ ప్రశ్నను నేను ఇలా అర్థం చేసుకున్నాను. మీకు 71, మీ ఆవిడకు 66. తెనాలిలో మీ జీతంతో కట్టుకున్న ఇల్లు, ఊళ్ళో మీ నాన్నగారి నుంచి వచ్చిన మూడెకరాలు, కొన్ని ఎఫ్‌డీలు, పెన్షను ఉన్నాయి. పెద్దబ్బాయి అమెరికాలో, చిన్నబ్బాయి హైదరాబాద్‌లో, అమ్మాయి రాజమండ్రిలో ఉంటారు. "మీ తర్వాత ఆఫీసుల చుట్టూ తిరగలేం, ఇల్లు ఇప్పుడే గిఫ్ట్ రిజిస్ట్రేషన్ చేసేయండి" అని చిన్నబ్బాయి అంటున్నాడు. రాసివ్వాలా, వీలునామా చాలా, రేపు మతిమరుపు వస్తే బ్యాంకు పనులు ఎవరు చూస్తారు అని అడిగారు.

ఇల్లు ఇప్పుడు రాసివ్వకండి. మీరు ఒక వీలునామా, మీ ఆవిడ ఒక వీలునామా విడివిడిగా రాసి రిజిస్టర్ చేయించండి. అయితే వీలునామా పనిచేసేది మీరు పోయాకే. బతికుండి, లేవలేక, సంతకం కుదరక, గుర్తుపట్టలేక గడిపే రోజులకు అది అక్కరకు రాదు. పెద్దవాళ్ళు ఎక్కువగా చిక్కుల్లో పడేది ఆ రోజుల్లోనే. దానికి వేరే ఏర్పాట్లు కావాలి, అవీ చెబుతాను.

ముందు గిఫ్టు సంగతి. స్థిరాస్తి దానానికి రిజిస్టర్డ్ దస్తావేజు ఉండాలి, ఇద్దరు సాక్షులు ఉండాలి, పుచ్చుకునేవాళ్ళు మీరు బతికుండగానే దాన్ని ఒప్పుకోవాలి. ఈ మూడూ అయితే ఆ క్షణం నుంచి యజమాని మీ అబ్బాయే. అతను దాన్ని తాకట్టు పెట్టుకోవచ్చు, అమ్ముకోవచ్చు. అతని అప్పులవాళ్ళు జప్తు చేయించవచ్చు. చాలామంది ఆలోచించనిది ఇంకోటి ఉంది. పలకకూడని మాటే అయినా చెప్పాలి. మీకంటే ముందు అబ్బాయికి ఏదైనా జరిగి అతను వీలునామా రాయకపోతే, ఆ ఇల్లు హిందూ వారసత్వ చట్టం ప్రకారం అతని భార్యకూ పిల్లలకూ తల్లికీ సమాన వాటాలుగా వెళ్తుంది. తల్లి మొదటి తరగతి వారసురాలు, తండ్రి కాదు. అంటే కట్టినవారైన మీకు ఒక్క గది మీద కూడా హక్కు ఉండదు.

"తేడా వస్తే రద్దు చేసుకుంటానులే" అనుకుంటారు. వీలునామాను ఎన్నిసార్లయినా మార్చుకోవచ్చు, దానాన్ని అలా వెనక్కి తీసుకోలేరు. సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసులో మీరొక్కరే సంతకం చేసిన రద్దు దస్తావేజు కోర్టులో నిలబడదు. మన ప్రాంతం నుంచే సుప్రీంకోర్టు దాకా వెళ్ళిన రేణికుంట్ల రాజమ్మ కేసు (2014) ఈ విషయంలో చదవదగ్గది. దాత బతికున్నంతకాలం స్వాధీనమూ అద్దెలూ తనవేనని దస్తావేజులో రాసుకున్నారు, తర్వాత రద్దు చేశారు. దానం చెల్లుతుంది, రద్దు చెల్లదు అని తీర్పు వచ్చింది. దీంట్లో మీకు పనికొచ్చే కబురూ ఉంది, భయపెట్టే కబురూ ఉంది. జీవితకాల అనుభవ హక్కు అట్టిపెట్టుకుని దానం ఇవ్వచ్చు. ఇచ్చాక మాత్రం మనసు మార్చుకోవడానికి లేదు.

తల్లిదండ్రులు, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం (2007) 23వ సెక్షన్ ఉందిగా అని మీకు ఎవరైనా చెప్పి ఉండొచ్చు. ఉంది. 60 దాటినవారు, తమను చూసుకోవాలనే షరతు మీద ఆస్తి రాసిచ్చి, పుచ్చుకున్నవాళ్ళు చూడకపోతే, ట్రిబ్యునల్ ఆ బదిలీని చెల్లదని ప్రకటించవచ్చు. మన దగ్గర ట్రిబ్యునల్ అంటే ఆర్డీఓ గారు, అప్పీలు కలెక్టరు స్థాయిలో. చిక్కంతా "షరతు మీద" అన్న మాట దగ్గరే వస్తుంది. దస్తావేజు లేఖరులు అలవాటుగా "ప్రేమాభిమానములతో, ఎట్టి ప్రతిఫలమూ లేకుండా, సర్వహక్కులతో దఖలు పరచడమైనది" అని రాసేస్తారు. పోషణ మాటే ఉండదు. అలాంటి దస్తావేజు మీద 2022లో సుదేశ్ ఛికారా కేసులో, షరతు ఉన్నట్టు చూపలేకపోతే 23వ సెక్షన్ వర్తించదని సుప్రీంకోర్టు చెప్పింది. 2025 జనవరిలో ఊర్మిళా దీక్షిత్ కేసులో ఇదే చట్టాన్ని వృద్ధులకు మేలు చేసేలా ఉదారంగా చదవాలనీ, ట్రిబ్యునల్ స్వాధీనం కూడా తిరిగి ఇప్పించవచ్చనీ చెప్పింది. అక్కడ మాత్రం తల్లిని చూసుకుంటానని కొడుకు ఒప్పుకున్న కాగితాలు ఉన్నాయి. కాబట్టి ఏదో ఒక కారణంతో ఇంట్లో పోరు తట్టుకోలేక రాసివ్వక తప్పలేదనుకోండి, ఈ నాలుగు వాక్యాలు దస్తావేజులో లేకుండా సంతకం పెట్టకండి:

"దాతకు, దాత భార్యకు వారి జీవితాంతం ఈ ఇంట్లో నివసించుటకు, అద్దెలు అనుభవించుటకు పూర్తి హక్కు అట్టిపెట్టుకోవడమైనది. గ్రహీత వారిరువురికి తిండి, బట్ట, వసతి, వైద్యం, నెలకు ఇంత రొక్కము సమకూర్చవలెను. ఈ షరతు మీదనే ఈ దానము ఇవ్వడమైనది. షరతు తప్పినచో వయోవృద్ధుల చట్టం 23వ సెక్షన్ ప్రకారం రద్దు కోరుటకు దాతకు హక్కు కలదు."

"నేను చచ్చేదాకా అమ్మకూడదు" అని మాత్రం ఉత్తినే రాయించుకోకండి. పూర్తి హక్కు ఇచ్చేసి అమ్మకూడదంటే ఆ నిషేధం ఆస్తి బదిలీ చట్టం 10వ సెక్షన్ ప్రకారం చెల్లదు. జీవిత హక్కు మీరు అట్టిపెట్టుకుంటే, అతను అమ్మినా కొనేవాడు మీ హక్కుకు లోబడే కొనాలి. అందుకే ఎవరూ కొనడానికి ముందుకు రారు. మీకు కావలసిన రక్షణ అదే. షరతు లేని గిఫ్టు మీద అబ్బాయి మూడో మనిషికి అమ్మేశాక ఆర్డీఓ ఆఫీసుకు వెళ్తే పని చాలా కష్టమవుతుంది.

ఈ ట్రిబ్యునల్ నెలవారీ పోషణ కూడా ఇప్పించగలదు, గరిష్ఠంగా నెలకు 10,000 రూపాయలు. 90 రోజుల్లో తేల్చాలని చట్టం అంటుంది, మరో 30 రోజుల పొడిగింపు ఉంది. దారి తెలియకపోతే వృద్ధుల హెల్ప్‌లైన్ 14567కి ఫోన్ చేయండి.

గిఫ్టుకు అనుకూలంగా చెప్పే ఇంకో కారణం పన్ను. మన దేశంలో ఎస్టేట్ సుంకం 1985లోనే పోయింది. వీలునామా ద్వారా వచ్చిన ఆస్తి మీద వారసులకు ఆదాయపు పన్ను లేదు. గిఫ్ట్ సెటిల్‌మెంటుకేమో మార్కెట్ విలువ మీద స్టాంపు డ్యూటీ కట్టాలి, కుటుంబ సభ్యులకు రేటు తక్కువైనా సరే. వీలునామాకు స్టాంపు డ్యూటీయే లేదు.

ఇప్పుడు ఆ మూడెకరాలు. వీలునామా రాసే ముందు ఇది తేల్చుకోకపోతే తర్వాత కోర్టులో తేలుతుంది. పాసుపుస్తకం మీ పేర ఉన్నంతమాత్రాన అది స్వార్జితం అయిపోదు. మీ నాన్నగారు తన సొంత డబ్బుతో కొన్నదై, 1956 తర్వాత వీలునామా లేకుండా పోయారనుకోండి. మీ వాటాకు వచ్చింది మీ సొంతం, ఎవరికైనా రాయచ్చు. అలా కాక మీ తాతల నాటి ఉమ్మడి ఆస్తిలో భాగపంపిణీ ద్వారా మీకు వచ్చిందైతే, అందులో మీ పిల్లలకు పుట్టుకతో హక్కు ఉంటుంది. అప్పుడు మీరు, ముగ్గురు పిల్లలు, మొత్తం నాలుగు వాటాలు. అమ్మాయికీ సమానంగా. ఆంధ్రప్రదేశ్‌లో 1986 సవరణతో అప్పటికి పెళ్ళికాని కూతుళ్ళకు, 2005 కేంద్ర సవరణతో కూతుళ్ళందరికీ ఆ హక్కు వచ్చింది. 2020లో వినీతా శర్మ తీర్పుతో, 2005 నాటికి తండ్రి బతికుండాలా అనే వాదన కూడా, బతికుండనక్కర్లేదని ముగిసింది.

ఇక్కడో విచిత్రం ఉంది. విడిపోని ఉమ్మడి ఆస్తిలో మీ వాటాను మిగతావాళ్ళ ఒప్పుదల లేకుండా గిఫ్టు ఇస్తే చెల్లదు. అదే వాటాను వీలునామా రాస్తే, హిందూ వారసత్వ చట్టం 30వ సెక్షన్ ప్రకారం చెల్లుతుంది. 1987లో సుప్రీంకోర్టు తమ్మా వెంకటసుబ్బమ్మ కేసులో ఈ తేడా స్పష్టంగా చెప్పింది, అదీ మన రాష్ట్రం కేసే. కాబట్టి వీలునామాలో "మూడెకరాలు నా స్వార్జితం" అని ధీమాగా రాయించకండి. "ఈ భూమిలో నాకు గల సమస్త హక్కు, వాటా" అని రాయిస్తే ఏది తేలినా మీ మాట నిలుస్తుంది.

భూమి డి-పట్టా అయితే, అంటే ప్రభుత్వం ఇచ్చిన అసైన్డ్ భూమి అయితే, దస్తావేజు రాయించే ముందు తహసీల్దారు ఆఫీసులో అడగండి. బదిలీల మీద 1977 చట్టం ఆంక్షలున్నాయి. ఏజెన్సీ ప్రాంతమైతే, గిరిజనేతరులకు భూమి బదిలీని నిషేధించే 1/70 నిబంధన గురించి వేరే చెప్పనక్కర్లేదు.

వీలునామాలో ఏం రాయాలి, ఎలా రాయాలి. తెల్లకాగితం చాలు, స్టాంపు పేపరు అక్కర్లేదు. మీరు తెలుగు మాస్టారు కాబట్టి తెలుగులోనే రాయండి. చేతిరాత అయితే మరీ మంచిది. ఇంగ్లీషు రానివాళ్ళ చేత ఇంగ్లీషు వీలునామా మీద వేలిముద్ర వేయించడం, తర్వాత ప్రతివాది లాయరు మొదట పట్టుకునే లోపం. ఆస్తుల షెడ్యూలు దగ్గర బద్ధకించవద్దు. ఇంటికి డోర్ నంబరు, మునిసిపల్ అసెస్‌మెంట్ నంబరు, నాలుగు హద్దులు, మీ కొనుగోలు దస్తావేజు నంబరు, సంవత్సరం రాయండి. పొలానికి సర్వే నంబరు, విస్తీర్ణం, ఖాతా నంబరు రాయండి. మీ ఊళ్ళో రీసర్వే అయిపోయి ఉంటే పాత సర్వే నంబరుతో పాటు కొత్త ఎల్‌పీఎం (రీసర్వేలో ఇచ్చిన ల్యాండ్ పార్సెల్ మ్యాప్) నంబరు కూడా వేయండి. లేకపోతే పదేళ్ళ తర్వాత ఆ రెండూ ఒకటేనని నిరూపించడానికి మీ పిల్లలు తిప్పలు పడతారు. చివర్లో "ఇందులో చెప్పనివి, ఇకపై నేను సంపాదించేవి అన్నీ ఫలానా వారికి" అనే ఒక వాక్యం తప్పకుండా ఉండాలి. అది లేని వీలునామాల్లో, రాసిన తర్వాత వేసిన ఎఫ్‌డీల కోసం మళ్ళీ అందరూ వారసులై కూర్చుంటారు.

పుచ్చుకునేవాళ్ళు మీకంటే ముందు పోతే ఎవరికి వెళ్ళాలో కూడా రాయండి. ఎగ్జిక్యూటర్‌గా (వీలునామాను అమలు చేసే మనిషిగా) ఒకరి పేరు పెట్టండి. అమెరికాలో ఉన్నాయన కంటే రాజమండ్రిలో ఉన్నావిడే ఈ పనికి నయం.

మీ ఆవిడ విషయం జాగ్రత్తగా చూడండి. మనవాళ్ళు రాసే వీలునామాల్లో దాదాపు ప్రతిదాంట్లోనూ ఉండే వాక్యం ఇది: "నా తదనంతరం నా భార్య ఎట్టి విక్రయ హక్కు లేకుండా జీవితాంతం అనుభవించి, ఆమె తదనంతరం నా కుమారులకు చెందవలెను." చూడ్డానికి చక్కగానే ఉంటుంది. కానీ భార్యకు పోషణ హక్కు ముందు నుంచే ఉంది కాబట్టి, ఆ హక్కుకు బదులుగా ఇచ్చిన పరిమిత హక్కు హిందూ వారసత్వ చట్టం 14(1) కింద సంపూర్ణ హక్కుగా మారుతుందని తులశమ్మ కేసులో (1977) సుప్రీంకోర్టు చెప్పింది. కాదు, ఇది వీలునామాతో కొత్తగా ఇచ్చిన హక్కు, 14(2) కిందికి వస్తుంది, కాబట్టి పరిమితమే అని ఎదుటివాళ్ళు వాదిస్తారు. ఈ ఒక్క వాక్యం మీద రెండు తరాలు కోర్టుల్లో గడిపిన కుటుంబాలున్నాయి. నా సలహా: ఇల్లు మీ ఆవిడకు సంపూర్ణ హక్కులతో రాయండి, ఆవిడ తన వీలునామాలో పిల్లలకు పంచుతుంది. ఆవిడ రాయకపోయినా ఆవిడ తర్వాత ఆ ఇల్లు ముగ్గురు పిల్లలకూ సమానంగానే వెళ్తుంది. ఆవిడ చేతిలో ఇల్లు ఉంటే ఆవిడ మాటకు ఇంట్లో విలువ ఉంటుంది. ఇది చట్టంలో రాయలేదు కానీ నిజం.

భార్యాభర్తలు కలిసి ఒకే వీలునామా రాయకండి. ఒకరు పోయాక రెండోవారు మార్చుకోవచ్చా లేదా అన్నది పెద్ద తగువు అవుతుంది.

అమ్మాయికి తక్కువ ఇవ్వాలనుకుంటే అది మీ ఇష్టం, స్వార్జితం వరకు. కారణం మాత్రం ఒక వాక్యంలో రాయండి. ఒక బిడ్డ పేరే ఎత్తకుండా వదిలేస్తే, రాసినవారికి సోయి లేదనడానికి అదే ఆధారం చేసుకుంటారు. "పెళ్ళప్పుడు పసుపు కుంకుమ కింద ఇంత ఇచ్చాను" అని రాయండి. "కట్నం ఇచ్చాను" అని రాసేవాళ్ళూ ఉన్నారు, కట్నం ఇవ్వడం నేరమని 1961 నుంచి చట్టం ఉందన్న సంగతి దస్తావేజు లేఖరికి కూడా గుర్తుండదు. కట్నం ఇచ్చాం కాబట్టి ఆడపిల్లకు వాటా పోయింది అనే మాటకు చట్టంలో చోటు లేదు.

సాక్షులు. వీలునామాలు ఎక్కువగా పడిపోయేది ఇక్కడే. రాసినవారి సంతకం నిజమే, కోరిక నిజమే, సాక్షి దొరకడు. భారత వారసత్వ చట్టం 63వ సెక్షన్ ప్రకారం కనీసం ఇద్దరు సాక్షులు ఉండాలి. మీరు సంతకం చేయడం వాళ్ళు చూడాలి, లేదా "ఇది నా సంతకమే" అని మీరు వాళ్ళతో చెప్పాలి. మీ సమక్షంలో వాళ్ళు సంతకం చేయాలి. తర్వాత కోర్టులో నిరూపించాలంటే ఆ ఇద్దరిలో కనీసం ఒకరు వచ్చి సాక్ష్యం చెప్పాలి. రిజిస్టర్ అయిన వీలునామాకు కూడా ఇదే రూలు, రిజిస్ట్రేషన్ అయింది కదా అని మినహాయింపు లేదు. అందుకని సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసు అరుగు మీద కూర్చుని రోజుకు పది దస్తావేజులకు సంతకం పెట్టే మనిషిని సాక్షిగా తీసుకోకండి. మీ ఈడువాళ్ళనూ వద్దు, మీకంటే ముందే పోవచ్చు. మీకంటే పదిహేను ఇరవై ఏళ్ళు చిన్నవారై, స్థిరంగా మీ ఊళ్ళోనే ఉండే ఇద్దరిని పట్టుకోండి. మీ పాత విద్యార్థుల్లో అలాంటివాళ్ళు దొరక్కపోరు. ఒకరు మీకు వైద్యం చేసే డాక్టరైతే మరీ మేలు. ఆస్తి పుచ్చుకునేవాళ్ళు, వాళ్ళ భార్యాభర్తలు సాక్షులుగా ఉండకూడదు. సాక్షుల చిరునామా, ఫోను నంబరు పక్కనే రాయించండి. రిజిస్ట్రేషన్ రోజు గుర్తింపు సాక్షులుగా కూడా ఆ ఇద్దరినే తీసుకెళ్ళండి.

అదే వారంలో డాక్టరు చేత "మానసికంగా స్పష్టంగా ఉన్నారు, విషయం అర్థం చేసుకుని మాట్లాడుతున్నారు" అని తారీఖుతో ఒక సర్టిఫికెట్ తీసుకుని జతచేయండి. ప్రతి పేజీ మీద సంతకం చేయండి, కొట్టివేతలుంటే వాటి పక్కనా చేయండి. మీరు చదివి వినిపిస్తున్నట్టు ఫోనులో వీడియో తీసి పెట్టుకోవచ్చు, అది అదనపు ఆసరాయే కానీ సాక్షులకు బదులు కాదు. ఎక్కువ వాటా పుచ్చుకునే కొడుకే లాయర్ని మాట్లాడి, కారెక్కించి, పక్కన నిలబడి సంతకం చేయించాడంటే అది అనుమానాస్పద పరిస్థితి అవుతుంది. ఆ అనుమానం తీర్చే భారం వీలునామా చూపించేవాడి మీదే ఉంటుంది. 1959లో వెంకటాచల అయ్యంగార్ కేసు నుంచీ ఇదే సూత్రం. చిన్నబ్బాయిని ఆ రోజు హైదరాబాద్‌లోనే ఉండమనండి.

రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం తప్పనిసరి కాదు. అయినా చేయించండి, మునిసిపాలిటీలోనూ రెవెన్యూలోనూ పని సులువవుతుంది. లేవలేని స్థితిలో ఉంటే దరఖాస్తు పెట్టి, అదనపు రుసుము కట్టి, రిజిస్టరింగ్ అధికారిని ఇంటికే రప్పించవచ్చు. రిజిస్టర్డ్ వీలునామా ఈసీలో (ఆస్తి మీద జరిగిన లావాదేవీల ధృవీకరణ పత్రంలో) కనబడదు, అది వేరే పుస్తకంలో నమోదవుతుంది. మీరు బతికున్నంతకాలం దాని నకలు మీకూ మీ ఏజెంటుకూ తప్ప ఎవరికీ ఇవ్వరు. ఎవరికీ తెలియకుండా ఉంచాలనుకుంటే సీలు వేసిన కవరులో జిల్లా రిజిస్ట్రార్ దగ్గర డిపాజిట్ చేసే పద్ధతీ ఉంది. కాలం మారి కోరిక మారితే కొత్తది రాసి, "ఇంతకు ముందు రాసినవన్నీ రద్దు" అని పాత దస్తావేజు నంబరుతో సహా రాయండి. రిజిస్టర్డ్ వీలునామాను తర్వాత రాసిన తెల్లకాగితం కూడా రద్దు చేయగలదు. అందుకే కొత్తదాన్నీ రిజిస్టర్ చేయించండి, తగువు ఉండదు.

ఇక వీలునామాకు ముందు రోజులు. "జీపీఏ రాసిస్తే సరిపోతుంది" అని మీకు చెప్పినవారికి సగమే తెలుసు. జీపీఏ, అంటే మీ తరఫున పనులు చేసే అధికారం ఇంకొకరికి ఇచ్చే పవర్ ఆఫ్ అటార్నీ, మీ మరణంతోనే కాదు, మీకు మతి తప్పినా రద్దయిపోతుంది. కాంట్రాక్టు చట్టం 201వ సెక్షన్ అదే చెబుతుంది. మతి తప్పాకా కొనసాగే పవర్లు కొన్ని దేశాల్లో ఉన్నాయి, మన దగ్గర లేవు. కాబట్టి జీపీఏ అనేది బుద్ధి బాగుండి కాళ్ళు బాగోలేనప్పటి సాధనం. రాసినా పన్నులు కట్టడం, కౌలు వసూలు, కరెంటు ఆఫీసు వంటి పనుల వరకే రాయండి. అమ్మే అధికారం ఇవ్వకండి.

డిమెన్షియా ముదిరాక ఆస్తి వ్యవహారాలు చూడటానికి సంరక్షకుణ్ణి నియమించే సూటి చట్టం మనకు లేదు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టంలో నామినేటెడ్ ప్రతినిధి ఉంటాడు కానీ అతని పరిధి వైద్యమే, ఆస్తి కాదు. కుటుంబాలు హైకోర్టులో రిట్ వేసి సంరక్షక నియామకం తెచ్చుకుంటున్నాయి. ఖర్చూ కాలమూ రెండూ పడతాయి. ఆ అవసరం రాకుండా ఇప్పుడే చేయగలిగిన పనులు ఇవి.

పొదుపు ఖాతా, పెన్షను ఖాతా మీ ఇద్దరి పేర "ఇద్దరిలో ఎవరైనా, లేదా మిగిలినవారు" పద్ధతిలోకి మార్చండి. బ్యాంకులో దీన్ని ఈదర్ ఆర్ సర్వైవర్ అంటారు. ఎఫ్‌డీలు కూడా అంతే. వాటికి విడిగా, గడువుకు ముందే మిగిలినవారు తీసుకోవచ్చని ఇద్దరి సంతకాలతో మ్యాండేటు ఇవ్వండి. ఇది చేయనివాళ్ళు ఆసుపత్రి బిల్లు కట్టాల్సిన రోజు ఎఫ్‌డీ పగలగొట్టలేక బయట అప్పు చేస్తారు. మీ ఆవిడకు కూడా 66 కాబట్టి, ఇద్దరి తరఫునా వాడుకునేలా ఒక చిన్న ఖాతాలో అమ్మాయిని కూడా చేర్చి, ఐదారు నెలల ఖర్చు మాత్రం అందులో ఉంచండి. మొత్తం డబ్బు ఉన్న ఖాతాలో పిల్లల్ని చేర్చొద్దు. సంతకం చేయలేని స్థితి వస్తే, బొటనవేలి ముద్రో కాలివేలి ముద్రో ఇద్దరు సాక్షుల ముందు తీసుకుని డబ్బు ఇవ్వడానికి రిజర్వు బ్యాంకు అనుమతి ఉంది, ఆ ఇద్దరిలో ఒకరు బ్యాంకు అధికారి. కౌంటరులో కుదరదంటే మేనేజరును అడగండి. 70 దాటినవారికి ఇంటి దగ్గరకే బ్యాంకింగ్ సేవ కూడా ఉంది.

నామినీ గురించి ఒక్క మాట, ఎందుకంటే అందరూ దీన్నే వీలునామా అనుకుంటారు. నామినీ డబ్బు అందుకునేవాడు, యజమాని కాదు. వారసుల తరఫున అందుకుంటాడు. జీవిత బీమాకు 1983 డిసెంబరులో, షేర్లకు 2023 డిసెంబరులో సుప్రీంకోర్టు ఇదే చెప్పింది. 2015 సవరణ తర్వాత బీమాలో తల్లిదండ్రులు, భార్యాభర్తలు, పిల్లలు నామినీ అయితే వాళ్ళకే చెందుతుందనే నిబంధన వచ్చింది, దాని మీదా వాదనలు నడుస్తున్నాయి. నామినీ పేరు, వీలునామాలో పేరు ఒకటే అయ్యేలా చూసుకుంటే ఏ వాదనా అక్కర్లేదు. 2025 నవంబరు 1 నుంచి బ్యాంకు డిపాజిట్లకు నలుగురి దాకా నామినీలను శాతాలతో పెట్టవచ్చు. లాకరుకు మాత్రం ఒకరి తర్వాత ఒకరు అనే వరసలోనే.

వైద్యం విషయంలో, వెంటిలేటరు మీద రోజులు లాగించవద్దు అనే కోరిక మీకుంటే దాన్ని కాగితం మీద పెట్టవచ్చు. 2018 కామన్ కాజ్ తీర్పు, 2023 జనవరి సవరణ దీనికి ఆధారం. ఇద్దరు సాక్షుల ముందు రాసి, నోటరీ లేదా గెజిటెడ్ అధికారి చేత ధృవీకరణ చేయించండి. మీ తరఫున నిర్ణయం చెప్పేవారి పేర్లు రాసి, ఒక నకలు వాళ్ళకు, ఒకటి మీ డాక్టరుకు, ఒకటి మునిసిపాలిటీలో ఇందుకు నియమించిన అధికారికి ఇవ్వాలి. అమలు చేసేముందు ఆసుపత్రిలో రెండు వైద్య బోర్డులు ఒప్పుకోవాలి. ఇది ఆస్తి వీలునామాలో కలిపి రాయకండి. ఆ వీలునామా తెరిచేది అంత్యక్రియలయ్యాక, అప్పటికి దీనితో పని ఉండదు.

చిన్నబ్బాయి చెప్పిన "ఆఫీసుల చుట్టూ తిరగడం" మీద అతనికి ఇలా చెప్పండి. మరణాన్ని 21 రోజుల్లోపు నమోదు చేయించుకోవాలి. ఆ సర్టిఫికెట్టు, అసలు వీలునామా, కుటుంబ సభ్యుల ధృవీకరణ పత్రం (తహసీల్దారు ఇస్తారు) పట్టుకుని ఇంటికి మునిసిపాలిటీలో, పొలానికి రెవెన్యూలో పేరు మార్పుకు దరఖాస్తు చేయాలి. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో హిందువుల వీలునామాకు ప్రొబేటు (వీలునామా నిజమైనదేనని కోర్టు ఇచ్చే ధృవీకరణ) తప్పనిసరి కాదు. మిగతా వారసులు అభ్యంతరం చెప్తే మాత్రం సివిల్ కోర్టుకు వెళ్ళమంటారు. అభ్యంతరం రాకుండా చూసే మార్గం, వీలునామా సారాంశం ముగ్గురు పిల్లలకూ మీ నోటితో మీరే చెప్పడం. తెలంగాణలో పొలం ఉన్నవాళ్ళకు ఇప్పుడు ధరణి భూ రికార్డుల పోర్టల్ పోయి 2025 ఏప్రిల్ నుంచి భూభారతి వచ్చింది, విరాసత్‌కు (వారసుల పేర మార్పుకు) తహసీల్దారు వారసులకు నోటీసులిచ్చి విచారణ చేస్తారు.

పెద్దబ్బాయి అమెరికా పౌరుడైనా మీ ఇల్లు, పొలం వారసత్వంగా పొందవచ్చు. ఎన్నారైలు వ్యవసాయ భూమి కొనకూడదన్న నిషేధం వారసత్వానికి లేదు. మీ తర్వాత సంతకాలకు అతను రాలేకపోతే అక్కడి భారత కాన్సులేట్‌లో ధృవీకరించిన పవర్ పంపాలి. అది ఇండియాకు చేరిన మూడు నెలల్లోపు ఇక్కడ స్టాంపు వేయించుకోవాలి. ఈ గడువు దాటిపోయి కాగితం పనికిరాకుండా పోవడం తరచూ జరుగుతుంది.

ఈ జవాబు చదివే ముస్లిం సోదరులు గమనించాలి: వీలునామాతో ఇవ్వగలిగింది మూడో వంతే, అదీ వారసుడికే ఇవ్వాలంటే మిగతా వారసుల ఒప్పుదల కావాలి. క్రైస్తవులకు వీలునామా లేకపోతే భార్యకు మూడో వంతు, మిగిలింది పిల్లలకు సమానంగా. పైగా వీలునామా రాశాక పెళ్ళి చేసుకుంటే వాళ్ళ పాత వీలునామా రద్దవుతుంది, హిందువులకు ఆ నియమం లేదు.

లాయరు దగ్గరకు వెళ్ళేటప్పుడు ఇంటి దస్తావేజు, లింకు డాక్యుమెంట్లు, కొత్తగా తీసిన ఈసీ, పొలం రెవెన్యూ రికార్డులైన 1బీ, అడంగల్, మీ నాన్నగారి మరణ ధృవీకరణ, భాగపంపిణీ కాగితం ఏదైనా ఉంటే అదీ తీసుకెళ్ళండి. ఆ భాగపంపిణీ కాగితం రిజిస్టర్ అయిందా, ఊరికే పెద్దమనుషుల ముందు రాసుకున్నదా అన్నది ముందు చూడండి. దాన్ని బట్టి మూడెకరాల గురించి వీలునామాలో రాసే వాక్యం మారుతుంది.